బయటి గొళ్ళెం

సుంకమ్మ మూడోసారి వచ్చినప్పుడు మాబున్నికి జాలి కలగలేదు. కోపం వచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు వీపంతా వాతలు. మాబున్ని నూనె రాస్తుంటే మెల్లగా చెప్పుకుంది. "మిల్లుకు పోతా బయట తాళమేసి పోతాడక్కా. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు." రెండోసారి వచ్చినప్పుడు ముందుపన్ను ఒకటి లేదు. రెండుసార్లూ మొగుడు గిడ్డయ్య వచ్చి గేటు బయట నిలబడి కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండుసార్లూ సుంకమ్మ చెప్పులు తొడుక్కొని అతని వెనకాలే పోయింది. ఇప్పుడు ఎడమచెయ్యి విరిగింది. కట్టు కట్టించుకొని, ఆ చేతిని మెడకు వేలాడేసుకొని వచ్చింది.

ఆమె వచ్చిన ఇల్లు ఆదోనిలో పరుపులు కుట్టే వీధిలో ఉంది. ఇంటామె పేరు కాశింబీ. దూదేకులోళ్ల ఆడకూతురు, డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడే ఒక పీరు దగ్గర శిష్యురాలైంది. అందరూ జేజి అంటారు. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడోళ్లకు అక్కడ అన్నం దొరుకుతుంది, చాప దొరుకుతుంది, దూది పని దొరుకుతుంది. బోధ మాత్రం దొరకదు. ఎవరన్నా రెండు మంచి మాటలు చెప్పమంటే, "నాకొచ్చింది దూది ఏకేదొకటే" అనేది.

మాబున్ని కూడా తొమ్మిదేండ్ల కింద అట్లా వచ్చిందే. అప్పుడు ఆమెతో ఉన్నవాళ్లు బాగుపడి పోయినారు. ఈమె జేజి కాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఆ ఇంట్లో ఒక వింత ఉండేది. గదుల తలుపులకు లోపలే గడియలు. బయట గొళ్ళేలు లేవు, మేకులు పీకిన బొక్కలే ఉన్నాయి. పాత ఇల్లు గదా, ఊడిపోయి ఉంటాయిలే అనుకుంది మాబున్ని.

"జేజీ, ఈసారి పోతే ఇది బతికి రాదు. ఏం చేద్దామో చెప్పు," అంది.

జేజి దూది ఏకే విల్లు మీద నుంచి తల ఎత్తలేదు. "అన్నం తినిందా?"

"తినింది."

"నిద్ర పోయిందా?"

"నేనడిగేది అది కాదు జేజీ!"

"నేనడిగేది అదే."

మాబున్నికి ఒళ్లు మండింది. పెద్దమనిషి, ఏమనేదానికి లేదు.

మరుసటి దినం బేస్తవారం. జేజి పొద్దున్నే దర్గాకు పోయింది. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, మాబున్ని చెక్కపని చేసే వడ్లాయన్ని పిలిపించి సుంకమ్మ గది తలుపుకు బయట గొళ్ళెం కొట్టించింది. బజారుకు పోయి పిడికిలంత తాళం తెచ్చింది.

"నీ మంచికే మే," అని లోపలికి ఒక మాట చెప్పి, తలుపు మూసి తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడి వేసుకుంది.

లోపల సుంకమ్మ అరవలేదు, తలుపు తట్టలేదు. చాప ఈడ్చుకుంటూ వెనక గోడ మూలకు జరిగిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆ పైన ఏమీ లేదు. ఇప్పుడు నిమ్మళంగా ఉందిలే అనుకుంది మాబున్ని.

మధ్యాహ్నం గిడ్డయ్య రానే వచ్చాడు. తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పక్కన అతని అక్క, చేతిలో అరటిపండ్లు, మల్లెపూలు. పరుపులు తీసుకుపోయేవాళ్ల కోసం గేటు తెరిచే ఉంది. అతను ఒక కాలు లోపల పెట్టాడు. వాకిట్లో కూర్చున్న ఆడోళ్లు దూది కొట్టే బెత్తాలు పట్టుకొని లేచి నిలబడినారు. పెట్టిన కాలు మళ్లీ వెనక్కి పోయింది.

"ఏందమ్మా, పెండ్లాన్ని తోలుకపోయేదానికి వస్తే దొంగను చూసినట్టు చూస్తారు?" అంది అక్క. "పూలు తెచ్చినాడు చూడండి నా తమ్ముడు."

"పోయినసారీ తెచ్చినాడు," అంది దబ్బనం పట్టుకున్న ఒకామె. "పూలు వాడకముందే చెయ్యి విరిగింది."

అప్పుడే జేజి దర్గా నుంచి వచ్చింది. "జరుగు నాయనా," అని గిడ్డయ్య పక్కనుంచి లోపలికి వచ్చింది.

"జేజీ, నా పెండ్లాన్ని పంపు."

"పంపేదానికి నేనేం పట్టుకోలేదు గదా. తలుపులు తెరిచే ఉంటాయి ఈ ఇంట్లో. ఆమె ఇష్టం."

ఆ మాట అని నాలుగడుగులు వేసింది. గది తలుపుకు తాళం కనిపించింది. నిలబడిపోయింది.

మాబున్ని ఎదురొచ్చింది. "భయం లేదు జేజీ. తాళం వేసినా. చెవి నా దగ్గరే ఉండాది."

"నన్ను అబద్ధాలకోరును చేస్తివి గదే," అంది జేజి. "తీయి."

తాళం తిరిగిన చప్పుడుకు లోపల సుంకమ్మ మోకాళ్లలో తల దాచుకుంది. పొద్దున పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉంది. జేజి మెల్లగా పోయి ఆమె పక్కన, గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

"ఇప్పుడు వేయి తాళం," అంది.

"నిన్ను లోపల పెట్టా?"

"మంచికే వేసినావు గదా. ఆ మంచి నాకూ కొంచెం కావాల. వేయి."

మాబున్ని తలుపు రెక్క పట్టుకుంది. సగం దాకా మూసింది. ఆ సందులోంచి ఇద్దరూ కనిపించినారు. ఇద్దరి కండ్లూ గొళ్ళెం మీదే ఉన్నాయి. మాబున్ని ఒక చేతిలో తాళం, ఒక చేతిలో తాళంచెవి. తొమ్మిదేండ్లు అన్నం పెట్టిన మనిషిని లోపల పెట్టి నొక్కడానికి ఆ చేతులు రాలేదు. గేటు దగ్గర గిడ్డయ్య గొంతు పెంచాడు. "సుంకూ! నీ మీద ఒట్టు. ఇంక చెయ్యెత్తను. రా!"

సుంకమ్మ తల ఎత్తింది. గోడ పట్టుకొని లేచింది.

మాబున్ని తలుపు రెక్క వదిలేసింది. గుమ్మానికి అడ్డం నిలబడబోయింది. కింద నుంచి జేజి ఆమె కొంగు పట్టుకొని పక్కకు లాగింది.

సుంకమ్మ మాబున్ని ముందు ఆగింది. తాళంచెవి తీసుకొని నోట్లో పండ్ల మధ్య కరిచి పట్టుకుంది. తాళం తీసుకొని మంచి చేత్తో పట్టుకుంది. వాకిట్లోకి నడిచింది. బెత్తాలు పట్టుకున్నవాళ్లు జేజి వైపు చూసి, దారి ఇచ్చారు. గాలికి దూది లేచి ఆమె తల మీద పడుతూ ఉంది.

"అదీ! నేను చెప్పలే? వస్తాదని," అంది గిడ్డయ్య అక్క.

గిడ్డయ్య నవ్వుతూ చెయ్యి చాపాడు. సుంకమ్మ ఆ చేతిని చాలాసేపు చూసింది. ఆ చెయ్యి ఇంకొంచెం ముందుకు వచ్చింది.

సుంకమ్మ భుజంతో గేటు రెక్క నెట్టింది. అతను చెయ్యి లాక్కున్నాడు. రెండో రెక్క కాలితో తోసింది. గేటుకు వేలాడే గొలుసు ఒక్క చేత్తోనే చుట్టింది. ఒకసారి జారింది, మళ్లీ చుట్టింది. తాళం తగిలించి నొక్కింది.

ఆ చప్పుడు వాకిలంతా వినిపించింది.

"తీయే! ఎవరిని చూసుకొనే నీకు ఇంత కొవ్వు? తీయే!" గిడ్డయ్య గేటును పట్టుకొని ఊపాడు. సుంకమ్మ కడ్డీలకు అవతల ఉన్న అతని ముఖాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసింది. తరువాత వెనక్కి తిరిగింది. గేటు ఊగుతూనే ఉంది.

జేజి అప్పటికే బయటికి వచ్చి, సగం కుట్టిన పరుపు ముందు కూర్చుంది.

సుంకమ్మ దగ్గరకు వచ్చింది. తాళంచెవిని నోట్లోంచి తీసి చీరకు తుడిచింది. మాబున్ని చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది, ఇటియ్యి అన్నట్టు.

సుంకమ్మ ఇవ్వలేదు. మాబున్ని చెయ్యి అట్లాగే గాలిలో నిలిచింది.

జేజి దబ్బనంలో దారం ఎక్కిస్తూ అంది. "మాబున్నీ, ఆ చెయ్యి ఊరికే ఉంటే ఇట్లా తేవే. పరుపు మూల పట్టుకుందువు."

మాబున్ని చెయ్యి దించుకుంది. పోయి మూల పట్టుకుంది.