వీరబాబు మెడలో అమ్మమ్మ గంట

అనగనగా ఒక అడవి. అందులో పులులూ ఏనుగులూ ఉంటే ఉండనీండి, ఈ కథలో వాటికి పని లేదు. మన కథంతా ఆ అడవి అంచున, పచ్చగడ్డి బీడులో ఉన్న ఆవుల దొడ్డిలో జరిగింది. చుట్టూ ముళ్లకంచె, నాలుగు తుమ్మచెట్లు, పక్కనే ఒక వాగు. దొడ్డంతా ఒకటే కుటుంబం. పిన్నులూ, మావయ్యలూ, వాళ్ల దూడలూ. అందరికీ పెద్దదిక్కు కపిలమ్మ అనే ముసలి ఆవు.

కపిలమ్మ మెడలో ఇత్తడి గంట ఉండేది. ఆవిడ నడిస్తే అది ఒకలా మోగేది, "పదండి" అన్నట్టు. మేతకు తల వంచితే ఇంకోలా మోగేది, "ఇక్కడ మేయండి" అన్నట్టు. గంట ఎటు పోతే మంద అటు. ఎవరూ తలెత్తి దారి చూసేవాళ్లు కాదు. గడ్డి నములుతూ చెవులతోనే నడిచిపోయేవాళ్లు.

ఒక శనివారం పొద్దున టౌను నుంచి కపిలమ్మ మనవడు వచ్చాడు. కూతురి కొడుకు. పేరు వీరబాబు. మంచి వయసులో ఉన్న కోడె. పుట్టిందీ పెరిగిందీ కూరగాయల మార్కెట్టు వీధిలో. శని ఆదివారాలు అమ్మమ్మ దగ్గర ఉండి, సోమవారం వెళ్లిపోదామని వచ్చాడు.

వచ్చాడో లేదో కోతలు మొదలుపెట్టాడు.

"మా టౌన్లో నేను రోడ్డుకి అడ్డంగా నిలబడితే బస్సులు ఆగిపోతాయి తెలుసా!" అన్నాడు.

"ఎందుకాగుతాయి బావా?" అంది చుక్కి. చుక్కి మావయ్య కూతురు. నుదుట తెల్లచుక్క ఉన్న బుల్లి దూడ, ఇంకా పాలు కూడా మానలేదు.

"ఎందుకేమిటి? నేనంటే భయం!"

కపిలమ్మ వీపు మీద కూర్చుని పురుగులు ఏరుతున్న కొంగ తలెత్తింది. "భయం కాదబ్బాయ్, బ్రేకులు," అంది.

ఆవులన్నీ కిసుక్కున నవ్వాయి. వీరబాబు వినపడనట్టు చెవులు దులుపుకున్నాడు.

మేత వేళయింది. మందంతా వంగి గడ్డి మేస్తోంది. మనవాడు మాత్రం ఠీవిగా నిలబడి దిక్కులు చూస్తున్నాడు.

"మేయవా బావా?" అంది చుక్కి.

"ఇంకా ఎవరూ వెయ్యలేదుగా," అన్నాడు వీరబాబు. "మాకైతే కూరలమ్మేవాళ్లు క్యాబేజీ ఆకులు విసిరేస్తారు."

"నీ కాళ్ల కిందే ఉంది బావా! వంగితే చాలు!"

మీరేం నవ్వక్కర్లేదర్రా. కిందటి వేసవిలో చెట్టు మీద జామకాయ చూసి, "దీని స్టిక్కర్ ఏదీ?" అని అడిగింది ఎవరో నాకు గుర్తుంది.

మధ్యాహ్నం వీరబాబుకి కునుకొచ్చింది. అలవాటు ప్రకారం దారికి అడ్డంగా పడుకున్నాడు.

"అక్కడ వద్దురా నాయనా," అంది కపిలమ్మ.

"ఎవరైనా హారన్ కొడితే లేస్తాలే అమ్మమ్మా," అని కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి ఆ దారినే గండుచీమల బారు వచ్చింది. పాపం, చీమలకి హారన్ ఉండదు కదా! వీరబాబు ఎగిరిన ఎగురుడికి కొంగ కూడా జడుసుకుని చెట్టెక్కింది. దొడ్డి దొడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చుక్కి అయితే నవ్వీ నవ్వీ కింద పడింది.

వీరబాబు మొహం చిన్నబోయింది. "టౌన్లో నా అంతవాడు లేడే! సోమవారం వెళ్లేలోపు వీళ్లందరి చేతా ఔరా అనిపించుకోకపోతే నా పేరు వీరబాబే కాదు," అనుకున్నాడు.

ఆదివారం మంద వాగు దాకా మేతకెళ్లింది. అక్కడ కపిలమ్మ కాలి డెక్కలో ముల్లు దిగింది. ఆవిడ తుమ్మచెట్టు కింద చతికిలబడింది. గంట తీసి కొమ్మకు తగిలించి, కొంగను ముల్లు తీసిపెట్టమంది.

"మంద ఇక్కడే మేస్తుంటుంది. నేను లేచేదాకా గంట ఎవరూ ముట్టుకోవద్దు," అని చెప్పింది. ముల్లు ఊడింది కానీ నొప్పి తగ్గలేదు. అలాగే కాస్త కళ్లు మూసుకుంది.

వీరబాబు మెల్లగా వచ్చి గంట తాడులో తల దూర్చాడు.

"బావా! నాయనమ్మ వద్దంది కదా!" అంది చుక్కి.

"నేను మాత్రం మనవణ్ని కానా? ఒక్క చుట్టు తిరిగి తెచ్చి పెట్టేస్తా. నువ్వు నోరు మూసుకుని నా వెనకాల రా."

గంట మోగింది. మంద కదిలింది. వీరబాబు నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. మందంతా తన వెనకే! కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. మనవాడికి ఇంక ఒళ్లు తెలియలేదు. రొమ్ము విరుచుకుని నడిచాడు.

అప్పుడు కనపడింది, వాగులో తుంగదుబ్బుకి చిక్కుకుని రెపరెపలాడుతూ ఒక తెల్లటి ప్లాస్టిక్ కవరు.

మనకది చెత్త. మార్కెట్టులో పెరిగిన కోడెకి అది భోజనం మూట. అరటితొక్కో, ఇడ్లీ ముక్కో లోపల ఏదో ఒకటి ఉండే ఉంటుంది. వీరబాబుకి గంట గుర్తు లేదు, మంద గుర్తు లేదు. ఒకటే పరుగు!

గణగణగణ!

కపిలమ్మ మెడలో ఆ గంట ఏనాడూ పరిగెత్తలేదు. గంట పరిగెత్తిందంటే వెనక పులొచ్చిందనుకుంది మంద. ఈ కథలో పులికి పని లేదని మనకి తెలుసు, వాటికేం తెలుసు పాపం? అన్నీ పరిగెత్తాయి.

వీరబాబువి పొడుగు కాళ్లు. వాగు అంచున ఉన్న బురదను ఒక్క గెంతులో దాటి, తుంగదుబ్బు మీద నిలబడి కవరు అందుకున్నాడు. అందులో గాలి తప్ప ఏమీ లేదు.

"బావా!"

తిరిగి చూశాడు. వెనకే వచ్చిన చుక్కి పొట్ట దాకా బురదలో దిగిపోయి ఉంది. దాని వెనక మందంతా తోసుకుంటూ వస్తోంది. 

"ఆగండి! ఆగండి!" అని తల అడ్డంగా ఊపుతూ అరిచాడు.

తల ఊగితే గంట ఊరుకుంటుందా? నోరేమో ఆగండి అంటోంది, గంటేమో రండి అంటోంది. మంద నమ్మింది గంటనే. ఇంకో అడుగు ముందుకేసింది. తోపుడికి చుక్కి మెడ దాకా దిగిపోయింది.

"బావా, నాకు భయమేస్తోంది," అని ఏడ్చింది.

ఆ గోలకి కపిలమ్మ లేచింది. కుంటుకుంటూ గట్టు మీదికొచ్చింది.

"ఒరేయ్ వీరబాబూ! మెడ కదపకు! ఊపిరి కూడా మెల్లగా తీసుకో!"

వీరబాబు బిగుసుకుపోయి నిలబడ్డాడు. ఒక జోరీగ వచ్చి చెవిలో కుట్టింది. కదల్లేదు. ఇంకోటి ముక్కు మీద కుట్టింది. కదల్లేదు. కళ్లవెంట నీళ్లు మాత్రం ఆగలేదు. గంట మూగబోయింది. అప్పటికి గానీ మంద ఆగలేదు. కపిలమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి వెనక్కి జరిపింది.

"కొంగమ్మా, వాడి కాళ్ల దగ్గర ఆ కవరు పడింది చూడు, అది గంటలో కుక్కు," అంది.

కొంగ ఎగిరొచ్చి కవరు ముక్కున కరుచుకుని గంట నిండా కూరింది. "ఇన్నాళ్లకి నీ టిఫిను ఒక పనికొచ్చిందబ్బాయ్," అంది.

మూగ గంటతో వీరబాబు మళ్లీ బురద మీంచి గట్టు మీదికి గెంతి, వెనక్కి తిరిగి, తోక చుక్కి నోటికి అందించాడు. "గట్టిగా కొరుక్కో చుక్కీ. నాకేం నొప్పి లేదు," అన్నాడు. అబద్ధమే. ప్రాణం పోయేంత నొప్పి. ఒక్కో అడుగే లాగాడు. చుక్కి అంగుళం అంగుళం పైకి వచ్చి, గట్టు మీద పడి వగర్చింది. వీరబాబు తోక చివర కుచ్చు సగం ఊడిపోయింది.

"అమ్మమ్మా, తప్పయిపోయింది," అన్నాడు తల వేలాడేసుకుని. "గంట తీసేసుకో. నేనిప్పుడే టౌనుకి పోతాను."

కపిలమ్మ గంటలోంచి కవరు లాగి పారేసింది. గంట మాత్రం తీసుకోలేదు.

"పోదువుగానిలే. నా కాలు నడవనివ్వడం లేదు. ముందు మందని ఇంటికి చేర్చు."

"నేనా? వద్దమ్మమ్మా, నాకు భయం!"

"నిన్న ఆ భయం లేకే కదరా కోతలు కోశావు. ఇప్పుడొచ్చింది, ఇక నడువు."

వీరబాబు నడిచాడు. రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. చుక్కి కాళ్లు ఇంకా వణుకుతున్నాయి. అమ్మమ్మ కుంటుతోంది. ఆగాడు. వాళ్లు వచ్చాక మళ్లీ నడిచాడు.

"ఈ నడకన మనం దొడ్డికి చేరేది వచ్చే ఆదివారానికే," అంది కొంగ.

"చేరనీ. చుక్కి నడక ఇంతే," అన్నాడు వీరబాబు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సోమవారం పొద్దున వెళుతుంటే కంచె దాకా చుక్కి వచ్చింది.

"బావా, నీ తోక వెంట్రుకలు ఇంకా నా పళ్లలోనే ఉన్నాయి," అంది.

"ఉంచుకో. ఈసారి వచ్చేసరికి మొలిపిస్తా," అన్నాడు.

ఇప్పుడతను టౌన్లో రోడ్డుకి అడ్డంగా నిలబడడం లేదట. బస్సు వస్తే పక్కకి తప్పుకుని, తన వెనకున్న లేగదూడలు కూడా తప్పుకున్నాయా లేదా అని చూసుకుంటాడట.

నీతి: పదిమందీ నమ్మి మన వెనక నడుస్తుంటే, మన కంటికి నచ్చిన చోటికి పరిగెత్తకూడదు, అందరికంటే చిన్నవాళ్లు నడవగలిగే దారిలో నడవాలి.