ఊరికే కూర్చున్న సన్యాసమ్మ

అనగనగా, కొండకీ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న ఒక ఊళ్ళో, సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. ఆవిడ బొంతలు కుట్టేది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఆ ఇంటివాళ్ళు పాత చీరలూ పంచెలూ మూటగట్టి తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాళ్ళు.

ఆవిడ వెంటనే సూది పట్టేది కాదు. ముందు ఏ చీర ఎవరిదో అడిగేది. అప్పుడు ఆ గుడ్డలన్నీ ఒళ్ళో పోసుకుని అరుగు మీద కూర్చునేది. మేకలకేసి చూసేది. మబ్బులకేసి చూసేది. దారినపోయేవాళ్ళు, ఏం చేస్తున్నావే సన్యాసమ్మా అంటే, "ఊరికే" అనేది.

అలా కూర్చోగా కూర్చోగా, ఏదో ఒక పొద్దున ఆవిడ వేళ్ళు కదిలేవి. ఆ తర్వాత వచ్చే బొంత అంతకుముందు ఎవరూ చూడని బొంత. కూలి ఎంత అని అడిగితే మళ్ళీ "ఊరికే" అనేది. పుట్టిన బిడ్డ దగ్గర కూలేమిటని నవ్వేది. పంటలొచ్చినప్పుడు ఊరివాళ్ళే ఆవిడకింత గింజ పోసేవాళ్ళు.

ఒకసారి బండి తోలే దాలయ్య పెళ్ళాం పురిట్లోనే పోయింది. పసిగుడ్డు ఎవరెత్తుకున్నా ఒకటే ఏడుపు. సన్యాసమ్మ ఆ తల్లి చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురింటి అరుగు మీద ఒక పిల్ల, వాళ్ళమ్మ కొంగు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది. అమ్మ లేవబోతే చాలు, గుప్పిలి బిగిస్తోంది. సన్యాసమ్మ చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. అప్పుడు లేచి బొంత కుట్టింది. ఒక మూల మాత్రం ఆ చీర కొంగుని కోయకుండా వేలాడనిచ్చింది. దాలయ్య బిడ్డ ఆ కొంగు పట్టుకుంది, పడుకుంది.

అదిగో, అలా ఉండగా రాజుగారు ఆ ఊరిని బాగుచేసి రమ్మని నరహరిరాయుడనే ఉద్యోగిని పంపించాడు. చెడ్డవాడేం కాదమ్మా. తెల్లారకముందే లేచేవాడు, అన్నం కూడా నిలబడే తినేవాడు. కానీ ఆ ఊరి మనుషుల్ని చూడకముందే వాళ్ళకోసం నినాదాలు రాసుకొచ్చాడు. వాటిని గోడగోడకీ సున్నంతో రాయించాడు. ఖాళీ చెయ్యి ఊరికి బరువు. ఆగినవాడు అడ్డు. కదిలేవాడిదే రేపు.

మొదట, బొంతలన్నీ ఒకే కొలత గళ్ళతో కుట్టాలన్నాడు. గళ్ళయితే చెయ్యి వేగంగా సాగుతుందనీ, కోటలో బంట్లకి కూడా బొంతలు అందుతాయనీ చెప్పాడు. సన్యాసమ్మ సరేనంది. కోసింది, కుట్టింది. నిజంగానే బోలెడు బొంతలయ్యాయి. ఊళ్ళోవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత ఒకనాడు ఆవిడ అరుగు మీద కూర్చుని కనబడింది. ఏం చేస్తున్నావన్నాడు. ఊరికే దొరగారూ అంది. ఆ మాట ఇక ఈ ఊళ్ళో వినబడకూడదన్నాడు. ఆలోచన కావాలంటే దానికీ ఒక వేళ పెట్టుకోమన్నాడు. భోజనాలయ్యాక తను కొట్టించే మొదటి డప్పుకి ఆలోచించడం మొదలుపెట్టాలి, రెండో డప్పుకి ముగించాలి. పాపం, ఆవిడ మనసుపెట్టి ప్రయత్నించింది. మొదటి డప్పు మోగగానే కళ్ళు మూసుకునేది. రెండో డప్పు ఎప్పుడు మోగుతుందోనన్న బెంగ వచ్చేది. ఇంకేమీ వచ్చేది కాదు. ఆలోచన ఏమైనా జీతగాడా తల్లీ, కేకేస్తే రావడానికి?

మూడోసారి ఊళ్ళో అరుగులన్నీ కొట్టించేశాడు. కూర్చునే చోటుంటేనే కదా కూర్చునేది అన్నాడు. ఎవరూ కాదనలేదు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. పనిచేసే మనిషికి ఆగే హక్కు కూడా ఉంటుందని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అనలేదు.

ఆ వానాకాలం సన్యాసమ్మ కూతురు ముత్యాలు పురిటికి వచ్చింది. నా బిడ్డకి ఎవరికీ లేని బొంత కుట్టాలమ్మా అంది, పొట్ట నిమురుకుంటూ. అలాగేలే అంది సన్యాసమ్మ. పుట్టేలోగా ఏదో ఒకటి తోచకపోతుందా అనుకుంది. తోచలేదు. బిడ్డ వచ్చింది. ముత్యాలు వెళ్ళిపోయింది.

పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. సన్యాసమ్మ ముత్యాలు చీరని ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనబడదు. చేతులకేం తెలుసు? వాటికి నేర్పింది ఒక్కటే. అవి కత్తెర పట్టుకున్నాయి. గడి పక్కన గడి కోసుకుంటూ పోయాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని చూసేసరికి, ముత్యాలు కొంగు కూడా గళ్ళుగళ్ళుగా నేలమీద పడి ఉంది.

దాలయ్య బిడ్డ బొంత అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ముక్కలన్నీ ఏరింది. పక్కపక్కన పేర్చింది. పేరిస్తే గళ్ళే అయ్యాయి గానీ, కొంగు కాలేదు.

అప్పుడు తన కొంగే ఆ పిల్ల గుప్పిట్లో పెట్టింది. కూలిన అరుగు మట్టి మీదే కూర్చుంది. పిల్ల నిద్రపోయింది. డప్పు మోగింది. ఆవిడ లేవలేదు. లేస్తే గుప్పిలి బిగుస్తుంది మరి.

రాయుడు వచ్చి, ఏం చేస్తున్నావన్నాడు. ఆవిడ పిల్ల గుప్పిలికేసి చూసింది. అటుగా పోతున్న దాలయ్య బండి ఆపి దిగాడు.

"ఊరికే కూర్చుంది దొరగారూ," అన్నాడు. "ఇన్నాళ్ళూ కూడా ఊరికే కూర్చుంది. మా ఊరికే. మాకే తెలియలేదు."

అని ఆవిడ పక్కన ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చున్నారు. రాయుడు చాలాసేపు డప్పు కొట్టించాడు. ఎవరూ లేవలేదు. కొట్టి కొట్టి డప్పువాడు కూడా కూర్చున్నాడు.

అరుగులు మళ్ళీ కట్టుకున్నారు. గోడల మీది రాతలు వానలకి పోయాయి. రాయుడూ కోటకి తిరిగిపోయాడు. కానీ సన్యాసమ్మకి మాత్రం ఆలోచన తిరిగి రాలేదు తల్లీ. రోజూ కూర్చునేది. మేకల్ని చూసేది, మబ్బుల్ని చూసేది. వేళ్ళు కదిలేవి. ఒట్టి గాలిలో గళ్ళు కోసేవి.

ఆ పిల్ల ఆ ముక్కలతో కుట్టిన గళ్ళ బొంతలోనే పెరిగింది. వాటిలో ఏ గడి వాళ్ళమ్మ కొంగుదో వేలితో వెతుక్కుంటూ వెతుక్కుంటూ పడుకునేది.

ఆ తర్వాతా? ఆ తర్వాత ఏం లేదు. ఆ దీపం తగ్గించి వస్తాను, కొంగు వదులు. వదలవా? సరేలే, పట్టుకో. నాకేం పనుంది. ఇక్కడే ఊరికే కూర్చుంటాను.

కథేమో కంచికి చేరింది,
కొంగేమో గుప్పిట దూరింది,
నిద్దరే కంట్లో ఊరింది.