అప్పలకొండ పలక

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు. పెంకుటిళ్ల ఊళ్లకు సిమెంటు బస్తా కొత్తగా దిగిన కాలం. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో అప్పలకొండ అని ఒకామె, స్లాబులకు ఇనుప ఊచలు కట్టే కూలీ. ఆమె తీగముడి వేస్తే పూలదండ అల్లినట్టుండేది. వెనక మా ఇంట్లో కనకాంబరాలు... సరే, పూల సంగతి ఇప్పుడెందుకు.

జగ్గునాయుడు మేడ కడుతున్నాడు. వీధి మీదికి పొడుచుకొచ్చే బాల్కనీ, ఆ ఊరికి అదే మొదటిది. స్లాబు వేసే రోజు పొద్దున్నే మేస్త్రి సింహాద్రి కూలీలతో అన్నాడు:

"నీళ్లబిందె పట్టుకుని చెయ్యి చాపండి. నొప్పెక్కడ? భుజం పైన. బాల్కనీ కూడా చాపిన చెయ్యే. ఊచ పైన ఉంటేనే బలం. తొక్కితే దిగిపోద్ది."

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. అందరికీ తొందర. తట్టలు మోసేవాళ్లు ఊచల మీదే నడిచారు. ఊచలు దిగాయి. అప్పలకొండ వంగి లేపింది, మళ్లీ దిగకుండా కింద సిమెంటు బిళ్లలు దోపింది.

"చాపిన చెయ్యి బాబూ, తొక్కకండి."

మళ్లీ తొక్కారు. మళ్లీ లేపింది.

"వానొస్తే నువ్వు గొడుగు పడతావేటే?" అని నాయుడు కేకలేశాడు.

"చాపిన చెయ్యి నాయుడుబాబూ, తొక్కనియ్యకండి."

మూడోసారి సాక్షాత్తూ మేస్త్రే తొక్కాడు.

"చాపిన చెయ్యి, అన్నా! పొద్దున్న చెప్పింది నువ్వే గదా!"

అంటూనే ఊచల సందుల్లో ఇటుకలు పెట్టి, వాటిమీద ఒక చెక్క పలక వేసింది. మేస్త్రి నవ్వేశాడు. "నా మాట నాకే అప్పజెప్పావు చెల్లీ" అని ముందుగా తనే పలక మీద నడిచాడు. కాంక్రీటు పోత సాగేకొద్దీ ఆమె ఇటుకలు తీసేస్తూ వచ్చింది.

ఏళ్లు గడిచాయి. అప్పలకొండ కన్నుమూసింది. ఆమె గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఒక ఏడు ఏరు పొంగింది. వీధులన్నీ నీళ్లే. పడవ రాగలిగింది ఆ బాల్కనీ దగ్గరికే. చంటిపిల్లలతో, మేకపిల్లలతో ఊరంతా దానిమీదికి చేరింది. మనవరాలిని ఎత్తుకున్న నాయుడు అడిగాడు.

"ఆగుద్దా సింహాద్రీ?"

ముసలి మేస్త్రి నేలను తడిమాడు. "ఇది అప్పలకొండ చాపిన చెయ్యి బాబూ. దించదు."

దించలేదు. అందరూ పడవెక్కారు.

దండం పెడదామంటే మనిషి లేదు. అందుకే ఆ చుట్టుపక్కల ఇప్పటికీ స్లాబు వేసే ముందు పలక వేసి, పసుపు రాసి, బెల్లంముక్క పెడతారు. ఇంటాయన ఎంతవాడైనా దానిమీదే నడుస్తాడు. కాలు జారి ఊచను తొక్కితే, వంగి తన చేత్తోనే లేపి అంటాడు: "చాపిన చెయ్యి, తల్లీ."