మేకుకు వేలాడిన సంచి

"పని అయిపోయాక ఇంక కారణం దేనికి సార్?" అని మాల్యాద్రి చాలాసార్లే అడిగాడు. ఒంగోలులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పరాంకుశంగారి దగ్గర పని నేర్చుకుంటున్నాడతను. గురువుగారికి ఒక అలవాటుండేది. ల్యాప్‌టాప్ రాగానే దాని సంచిని తన కుర్చీ వెనకున్న మేకుకు తగిలించేవారు. జబ్బేమిటో శిష్యుడు చెబితే తప్ప ఆ సంచి కిందికి దిగేది కాదు. మాల్యాద్రికి ఇది వట్టి చాదస్తంగా తోచేది.

ఒకనాడు శశిరేఖ అనే డిగ్రీ విద్యార్థిని వచ్చింది. ఆమెకు చూపు లేదు. తెరమీది అక్షరాలను ల్యాప్‌టాప్ పైకి చదువుతుంటే విని, పరీక్షలు కూడా దానిమీదే రాస్తుంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసినప్పటినుంచి అది నాలుగు మాటలు చదివి బిగుసుకుపోతోంది. మర్నాడే పరీక్ష.

మాల్యాద్రి నడుం బిగించాడు. స్టార్టప్ ప్రోగ్రాములు ఆపాడు, యాంటీవైరస్ పీకేశాడు, డ్రైవర్లన్నీ మార్చేశాడు, అప్‌డేట్లు వేశాడు. అంతా ఒక్క ఊపులో. ల్యాప్‌టాప్ గడగడా చదవసాగింది. శశిరేఖ మొహం వెలిగిపోయింది.

"దేనివల్ల బాగైంది?" అన్నారు గురువుగారు.

"ఏదో ఒకదానివల్ల. అయింది కదా సార్!"

ఆయన ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని, శిష్యుడు చేసిన మార్పులన్నీ వెనక్కి తిప్పేశారు. అది మళ్లీ బిగుసుకుపోయింది. మాల్యాద్రికి ఒళ్లు మండింది. రేపు పరీక్ష పెట్టుకుని వచ్చిన పిల్ల ఎదుట ఇదేం పంతం?

"కాస్త కూర్చో తల్లీ, బాగుచేసే పంపిస్తాం," అని మాత్రం అన్నారాయన.

మాల్యాద్రి పళ్లు బిగబట్టి మళ్లీ మొదలెట్టాడు. ఒక్క మార్పు చేయడం, చదివించి చూడడం, బిగుసుకుంటే ఇంకొకటి. పోనుపోను కోపం చల్లారి పట్టుదల పెరిగింది. చివరికి దొరికింది. శబ్దాన్ని నడిపే పాత డ్రైవర్, ఇల్లు చేతులు మారినా కదలని అద్దెదారులా అక్కడే కూర్చుంది. దాన్నొక్కదాన్నీ తీసేసి రీస్టార్ట్ చేస్తే, కొత్త సిస్టమ్ తన డ్రైవర్ తనే పెట్టుకుంది. మాల్యాద్రి కారణం చెప్పాడు. సంచి దిగింది.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"అన్నా, ఈసారి బయటి ల్యాప్‌టాప్ వద్దంటున్నారు. సెంటర్‌వాళ్లదే ఇచ్చారు. అదే కంపెనీది, దానికీ కొత్త సిస్టమే వేశారట. అదీ బిగుసుకుపోతోంది!" అంది శశిరేఖ. "ఇంకాసేపట్లో పరీక్ష. నా ఏడాది పోతుందన్నా."

"పోదమ్మా. పక్కనున్న సారుకి ఫోనివ్వు," అన్నాడు మాల్యాద్రి. తీసేయవలసిందేమిటో, అదెక్కడుంటుందో చెప్పాడు. కాసేపటికి అవతల ల్యాప్‌టాప్ ఎక్కడా ఆగకుండా చదువుకుపోవడం వినిపించింది. శశిరేఖ ఏదో అనబోయి ఏడ్చేసింది.

మాల్యాద్రి ఫోను బల్లమీద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. గురువుగారికేసి తిరిగాడు గాని, పాత ప్రశ్న ఇక నోట రాలేదు.

పరాంకుశంగారు సొరుగులోంచి సుత్తి తీసి అతని చేతికిచ్చారు.

"నీ కుర్చీ వెనక కూడా ఒక మేకు కొట్టుకో," అన్నారు.