మగ్గం గుంటలో దోమ

అనగనగా మగ్గాల చప్పుడుతో పొద్దుపొడిచే ఒక నేతపేట. ఒక వానాకాలం ఆ పేటకు చలిజ్వరం వచ్చింది. ఒక్కో ఇంట్లో మగ్గం ఆగిపోసాగింది. మగ్గం ఆగిందంటే ఆ ఇంట మనిషి మంచం పట్టినట్టే.

ఆ పేటలో భద్రమ్మ అనే నేతగత్తె ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు, ఏడేళ్ల నూకాలు. బిడ్డను పక్కనే కూర్చోబెట్టుకుని, కాళ్లు మగ్గం గుంటలో పెట్టుకుని నేసేది. మధ్యమధ్య బిడ్డ నుదురు తాకి చూసుకునేది.

ఒకనాటి ఉదయం గుంట గోడమీద ఒక దోమ కనబడింది. దాని పొట్ట గురివింద గింజలా ఎర్రగా ఉబ్బి ఉంది. అది ఏ ఇంటి నెత్తురో! భద్రమ్మ చెయ్యెత్తింది.

"ఆగు తల్లీ" అంది దోమ. "నా కడుపు నిండింది. ఇక నిన్నూ కుట్టను, నీ బిడ్డనూ కుట్టను. ఎగరలేక కూర్చున్నదాన్ని చంపుతావా?"

కడుపు నిండినవాడు దొంగతనానికి పోడు కదా అనుకుని భద్రమ్మ చెయ్యి దించింది.

రెండోనాడు పక్కింటి మగ్గం ఆగిపోయింది. దోమ మాత్రం కదల్లేదు. దాని పొట్టలో సగమే ఎరుపు, సగం తెలుపు.

"ఆ నెత్తురేమైంది?" అని అడిగింది భద్రమ్మ.

"అరుగుతోంది తల్లీ. నిన్న ఎవరినైనా కుట్టానా?"

కుట్టలేదు. భద్రమ్మ తిరిగి నేతకు కూర్చుంది. కానీ ఆ పగలంతా పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే నాడె ఆమె చేతిలో తప్పుతూనే ఉంది.

మూడోనాడు బిడ్డ ఒళ్లు కాస్త వెచ్చబడినట్టు తోచింది. చారు కాచి పెట్టాలని భద్రమ్మ కోడిపెట్టను కోసింది. దాని కడుపులో చిన్నవీ పెద్దవీ పచ్చసొనలు గుత్తిగా ఉన్నాయి. తిన్న గింజలన్నీ ఇలా సొనలయ్యాయన్నమాట అనుకుంది. ఆ అనుకోవడంతోనే ఎరుపు తగ్గుతున్న దోమ పొట్ట ఆమెకు గుర్తొచ్చింది.

గుంట దగ్గరికి పరుగెత్తింది. దోమ పొట్ట తెల్లగా ఉంది.

"నెత్తురు ఊరికే అరగలేదు. నీ గుడ్లలో సొన అయింది. అవునా?"

"నేను అబద్ధమాడలేదు. కుట్టనన్నాను, కుట్టలేదు."

"మరి నీ పిల్లలు?"

"వాటి సంగతి నువ్వడగలేదు" అంటూ దోమ లేచి, నూలు నానబెట్టిన గోలెం నీళ్ల మీద వాలింది.

భద్రమ్మ కాసేపటికి దాన్ని వెతికి కనిపెట్టి అరచేత్తో చరిచింది. దోమ చచ్చింది. కానీ అప్పటికే నీటిమీద మసి నలుసుల్లాంటి గుడ్లు తేలుతున్నాయి. నూలు మట్టిపాలైనా సరేనని, గోలెం వాకిట్లోకి ఈడ్చి ఎండలో బోర్లించింది. కొంగు బిగించి ఇంటింటికీ వెళ్లి, నిలవనీళ్లన్నీ పారబోయమని చెప్పింది. కొందరు నవ్వారు. ఆ జ్వరానికి బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు మాత్రం మారుమాటాడకుండా లేచి ఆమె వెంట నడిచారు.

నూకాలు ఒంటి వేడి సాయంత్రానికి తగ్గింది. రెండు నెలలు తిరిగేసరికి పేటలో కొత్తగా మంచం పట్టినవారు లేరు. అయినా నీళ్లు కనబడిన చోటల్లా భద్రమ్మ వంగి చూసేది.

పగవాడు చెప్పిన నిజం విని ఊరుకోరాదు. చెప్పకుండా దాచిన నిజమేదో అడగాలి.