చూరులో కొడవలి

"గురువా, రెండేళ్లకే కుళ్లిపోయే తాటినారతో కప్పు ఎందుకు కట్టాల?" అని ఎల్లాజీ అడిగినప్పుడు కొర్లయ్య గురువు నార తడుపుతున్నాడు. తడపడం ఆపలేదు. ఆయన అలవాటే అంత. ఎవరైనా ప్రశ్న వేస్తే, అది తనను కాక పక్కవాణ్ణి అడిగినట్టు కూర్చుంటాడు. ఎప్పుడో ఒకనాడు, ఏదో పని మధ్యలో, జవాబును చేతికిస్తాడు. అందాకా ఓపిక పట్టడం శిష్యుడి వంతు. ఎల్లాజీకి లేనిది అదొక్కటే.

ఒంటితాళ్ల పేట సముద్రం ఒడ్డున ఉంది. అక్కడివన్నీ చుట్టిళ్లే. గుండ్రటి మట్టిగోడ, నడుమ నిట్టాడు గుంజ, దాని మీంచి గొడుగులా కిందికి దిగిన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే, ఎంతటి అధికారి వచ్చినా నడుం వంచే లోపలికి పోవాలి. గాలివానకు పట్టుకోవడానికి మూల దొరకదు గనుక ఇంటి చుట్టూ తిరిగి దాని దారిన అది పోతుంది. ఆ కప్పును గోడలో దిగేసిన ఎనిమిది గూటాలకు నారతో కడతారు. ఇంకొకటి కూడా ఉంది. ప్రతి ఇంటి చూరులోనూ, వాకిలి పక్కన, ఒక కొడవలి గుచ్చి ఉంటుంది. దానితో గడ్డి కొయ్యరు, చేప కొయ్యరు. నెలకోసారి నూరి మళ్లీ అక్కడే గుచ్చుతారు. పేటలో నిప్పు అంటుకుని పాతికేళ్లు దాటింది. అందుకని అది దిష్టికి పెట్టిందని కుర్రకారు అనుకునేవారు. ఎల్లాజీ కూడా అంతే అనుకున్నాడు.

అతను నాలుగేళ్లు పట్నంలో అపార్టుమెంట్లకు ఇనప రాడ్లు కట్టి వచ్చినవాడు. మోకాలు దెబ్బతిని పేటకు తిరిగొచ్చి, ఇళ్లు నేసే పనికి గురువు దగ్గర చేరాడు. బైండింగ్ వైరుతో రెండు మెలికలు వేస్తే ఆ ముడి ఇక జన్మలో ఊడదని అతని గర్వం. గర్వపడదగ్గ పనే, కాదనను. అక్క పైడమ్మ ఇల్లు నేసే రోజున గురువు పొరుగూరికి వెళ్లవలసి వచ్చింది. శిష్యుడికి ఇంతకన్నా ఏం కావాలి? ఎనిమిది కట్లూ వైరుతో బిగించి, ముసలాయన కంట పడకుండా పైన నార చుట్టేశాడు.

ఆ ఆశ్వయుజంలో తుఫాను వచ్చింది. అందరి కప్పులూ ఎంతో కొంత సడలాయి. పైడమ్మ ఇంటి మీద ఒక్క ఆకు కదల్లేదు. ఆమె పేటంతా తిరిగి మా తమ్ముడి చేతి చలవ అని చెప్పుకుంది. ఎల్లాజీ ఏమీ తెలియనట్టు నవ్వుకున్నాడు. గురువు ప్రశ్నకు జవాబివ్వకపోయినా ఫరవాలేదు, జవాబు తనకే తెలిసిపోయిందనుకున్నాడు.

చైత్రం మధ్యాహ్నం, పడమటి గాలి పిచ్చిగా వీస్తున్న వేళ, పేట పడమటి కొసన ఒక పొయ్యిలోని రవ్వ చూరుకు అంటుకుంది. జనం తేరుకునేలోగా మూడిళ్లు మండుతున్నాయి. నాలుగోది పైడమ్మది, ఐదోది గురువుది, ఆ వెనక ఇంకా పద్దెనిమిది ఇళ్లు. కుర్రవాళ్లు బిందెలు పట్టుకుని బావి వైపు పరిగెత్తారు. పెద్దవాళ్లు మాత్రం పైడమ్మ ఇంటి దగ్గరికి వచ్చారు. మంటకు ముందున్న ఇంటి కప్పును నేలకు దించి, తడి ఇసుక పోసి అణిచేస్తే నిప్పు అక్కడితో ఆగుతుంది. వాళ్లకు తెలిసిన ఉపాయం అదొక్కటే. పైడమ్మ చంటిదాన్ని ఎత్తుకుని బయటికి వచ్చేసింది. గురువు చూరులోంచి కొడవలి లాగి మొదటి కట్టు మీద ఒక్క వేటు వేశాడు.

నార తెగి రాలింది. లోపల ఇనుము కీచుమంది.

గురువు వైరును చూశాడు, తరవాత శిష్యుణ్ణి చూశాడు. తిట్టి ఉంటే ఎల్లాజీ బతికిపోయేవాడు. వైరు కోసే పటకారు పేట తూర్పు కొసన, తన ఇంట్లో ఉంది. కుంటికాలితో అక్కడికి పోయి వచ్చేదెప్పుడు? వేళ్లతోనే మెలికలు విప్పబోయాడు. గోళ్లు చీలి నెత్తురు కారింది. తను వేసిన ముడి ఇంత మొండిదని అతనికి ఆరోజే తెలిసింది. ఒకటి విప్పి రెండోదాని మీద పడేసరికి కప్పు కొన మీద పొగ లేచింది. జనం అతన్ని రెక్క పట్టుకుని ఈవలికి లాగారు.

గురువు అప్పటికే తన ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. తన చూరులోని కొడవలి తీసి ఎల్లాజీ చేతిలో పెట్టాడు.

"గురువా, ఇది నీ ఇల్లు."

"కొయ్యి," అన్నాడు ఆయన.

ఆ కప్పు గురువు స్వయంగా నేసింది. పేటలో అంత నున్నటి నేత ఇంకొకటి లేదు. ఎల్లాజీ కోశాడు. ఒక్కో కట్టుకు ఒక్కో వేటు. ఎనిమిదోది తెగగానే పదిమంది చూరు పట్టి లాగారు. బరువు దింపుకున్న కూలీలా ఇల్లు ఒకసారి నిట్టూర్చింది, కప్పు జారి వీధిలో పడింది. ఆడవాళ్లు తడి ఇసుక గంపలతో దాని మీద పడ్డారు. పైడమ్మ ఇంటిని తినేసిన మంట ఇవతలికి నాలుక చాపింది. దానికి ఒట్టి మట్టిగోడ ఎదురైంది. కాసేపు అక్కడే బుసకొట్టి, తినడానికేమీ లేక చల్లారింది. ఆ వెనక పద్దెనిమిది ఇళ్లూ నిలిచాయి.

మర్నాడు పొద్దున ఎల్లాజీ అక్క ఇంటి బూడిద ఎత్తుతున్నాడు. పైడమ్మ గంజి తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది. అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. రాత్రంతా కప్పులేని ఇంట్లో పడుకున్న గురువు వచ్చి బూడిదలో చెయ్యి పెట్టి కెలికాడు. వాసాలు లేవు, గూటాలు లేవు. నల్లబడ్డ వైరు చుట్టలు మాత్రం ఏడు దొరికాయి. ఒక్క మెలికా సడలలేదు.

ఆయన ఒక చుట్టను ఊది, శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

"ముడి గట్టిదేరా," అన్నాడు. "దేన్ని పట్టుకునుందో సూడు."