పుట్టని తమ్ముడికి మజ్జిగ

సాలూరు శివార్లలో ఆడపిల్లల హాస్టలు కడుతున్న కాంట్రాక్టరు దగ్గర, కంప్యూటర్ తెర మీద ఎరుపు రంగు కనబడితే అన్నం సహించని పినాకపాణి అనే ప్లానింగ్ ఇంజనీరు ఉండేవాడు.

అతని ల్యాప్‌టాప్‌లో పనుల ప్రణాళిక వేసే సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏ ముఠా ఏ రోజు ఎక్కడ పని చేయాలో రాస్తే, ఎవరి మీద ఎంత భారం పడుతోందో అది బొమ్మ గీసి చూపించేది. మోయగలిగినంత పని ఉంటే ఆకుపచ్చ, మించితే ఎరుపు. పాణి ప్రతి సోమవారం ఆ బొమ్మను కాంట్రాక్టరు భూషణం గారి ముందు పెట్టి, "అంతా పచ్చగా ఉందండీ" అనేవాడు. "శభాష్!" అనేవారాయన. ఆ ఒక్క మాట కోసమే పాణి వారమంతా ఎదురుచూసేవాడు.

ఒక సోమవారం పొద్దున్నే కొంప మునిగింది. శుక్రవారం హాస్టలుకూ, పక్కనున్న వంటశాలకూ ఒకేసారి స్లాబు వేసేస్తామని అతను అంతకు ముందే భూషణం గారికి గొప్పగా చెప్పేశాడు. బడి తెరిచేలోగా హాస్టలు లేవకపోతే, నలభై మంది పిల్లలు ఈ ఏడు కూడా తరగతి గదుల్లో బెంచీలు జరుపుకుని పడుకోవాల్సిందే. కానీ రెండు చోట్లా స్లాబుకు ముందు ఇనుము కట్టాల్సింది తౌడయ్య మేస్త్రి ముఠా ఒక్కటే. ఉన్నది ఎనిమిది మంది. తెర మీద వారమంతా ఎర్రగా మండిపోతోంది.

పాణి తౌడయ్యను పిలిచి అడిగాడు.

"రెండు సోట్లా ఒకేపాలి ఎలగవుద్ది బాబూ?" అన్నాడు తౌడయ్య. "ముందు హాస్టలు కట్టీమంటే కట్టీస్తాం. వొంటింటికి తొందరేటి? పిల్లలే నేకపోతే అక్కడ తినీదెవరు?"

మాట సబబుగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లోనూ అందుకొక బొత్తాం ఉంది. అది నొక్కితే, ఆగగలిగిన పనిని తర్వాతికి జరిపి, ముఠా మీద భారాన్ని సర్దేస్తుంది. పాణి నొక్కి చూశాడు. వంటశాల వచ్చే బుధవారానికి జరిగింది. అంటే భూషణం గారి దగ్గరికి వెళ్ళి "నేను చెప్పింది కుదరదండీ" అనాలి. ఆ మాట అతని గొంతు దాటదు. చేసిన మార్పును వెంటనే రద్దు చేసి, మనుషుల సంఖ్య రాసే గడిలో ఎనిమిది కొట్టేసి పదహారు వేశాడు. ఎరుపంతా చిటికెలో మాయమైంది.

"పదహారు మందా! ఎప్పుడు దింపావోయ్?" అన్నారు భూషణం గారు బొమ్మ చూసి.

పాణి నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకుంటే అబద్ధం కిందికి రాదని అతనికి ఏ బళ్ళో నేర్పారో మరి! ఆయన సంబరపడిపోయి రెండు స్లాబులకూ కాంక్రీటు లారీలు చెప్పేశారు. స్లాబు రోజున పనివాళ్ళకు మాంసం భోజనం పెట్టడం ఆనవాయితీ కనుక, ఇనుము ముఠాకు పదహారు విస్తళ్ళు వెయ్యమని వంటవాడికీ చెప్పేశారు.

విస్తళ్ళు పెరిగాయి గానీ మనుషులు పెరగలేదు. తౌడయ్య మనుషులు పొద్దున హాస్టలు మీద, మధ్యాహ్నం వంటశాల మీద పడి కట్టారు. గురువారానికి రెండూ సగం సగమే అయ్యాయి. ఒకతనైతే కట్టుతీగ చేత్తో పట్టుకుని నిలబడే కునుకు తీశాడు.

గురువారం పది గంటలకు భూషణం గారు మజ్జిగ క్యానుతో దిగారు. "ఎండ మండిపోతోంది. పదహారు మందికీ నా చేత్తో నేనే పోస్తాను" అన్నారు.

పాణి పరుగున ముందే హాస్టలు ఎక్కాడు. తౌడయ్య చెవిలో, "ఇక్కడ తాగగానే వెనక నిచ్చెన దిగి అందరూ వంటశాల ఎక్కెయ్యండి. నా పరువు నీ చేతుల్లో ఉంది మేస్త్రీ!" అన్నాడు.

"మీ పరువు నా సేతుల్లో కాదు బాబూ, మావోళ్ళ కాళ్ళలో ఉంది" అని గొణిగాడు తౌడయ్య. అయినా జాలిపడ్డాడు.

హాస్టలు మీద ఎనిమిది మందీ మజ్జిగ తాగారు. భూషణం గారు నిదానంగా మెట్లు దిగి వంటశాల చేరేసరికి, అక్కడా ఎనిమిది మంది రొప్పుతూ ఇనుము కడుతున్నారు. వాళ్ళూ తాగారు. చిలకపచ్చ తువ్వాలు చుట్టుకున్న సింహాలు అనే పనివాడి దగ్గర ఆయన ఆగారు.

"ఇందాక అక్కడ తాగింది నువ్వే కదూ?"

"ఆడు మా తమ్ముడండి. కవలలం."

"మరి ఈ మీసాలాయన?"

"ఆడికీ కవలే బాబూ."

"మీ మేస్త్రికో?"

సింహాలు నుదురు తుడుచుకున్నాడు. "మా ఊర్లో అందరం కవలలమేనండి."

భూషణం గారు ముప్పై ఏళ్ళుగా కట్టడాలు కట్టిస్తున్న మనిషి. సగం సగం కట్టిన ఇనుము ఆయన కంట పడనే పడింది. పైకి మాత్రం, "పాపం, మీ తమ్ముళ్ళకు మజ్జిగ చాలినట్టు లేదు. ఇంకో గ్లాసు పోసి వస్తాను" అని హాస్టలు వైపు నడిచారు. ముఠా మళ్ళీ నిచ్చెన దిగింది, ఎక్కింది, మూడో గ్లాసు తాగింది. "అన్నలకు తక్కువ చేస్తే బాగుండదు" అంటూ ఆయన మళ్ళీ వంటశాలకు వచ్చారు. నాలుగో గ్లాసు చూడగానే సింహాలు పొట్ట పట్టుకుని ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

"నా వల్ల కాదు బాబూ! మా తమ్ముడి వాటా తమరే తాగీండి. ఆడసలు పుట్టనేదు!"

భూషణం గారు పాణి వైపు తిరిగారు. పాణి చూపు సింహాలు చేతుల మీద పడింది. నాలుగు రోజులుగా తీగ మెలిపెట్టి వేళ్ళు పగిలాయి. వాటికి చుట్టుకున్న గుడ్డపీలికలు ఎర్రబడి ఉన్నాయి. తెర మీద చెరిపేసిన ఎరుపు ఇక్కడికి వచ్చి చేరిందని తెలిసి అతనికి సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎనిమిది మందేనండీ. పదహారని వేసింది నేను" అన్నాడు.

"అది తర్వాత. రేపు హాస్టలు స్లాబు పడుతుందా, పడదా?"

పాణి అక్కడే ఇటుకల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పదహారు తీసేసి ఎనిమిది వేశాడు. సోమవారం నొక్కి రద్దు చేసిన బొత్తామే మళ్ళీ నొక్కాడు. "మేస్త్రీ, అందరూ హాస్టలు మీదే ఉంటే?" అని అడిగాడు.

"పొద్దు గూకేలోగా కట్టీస్తాం. వొంటిల్లు ఊసు మాత్రం బుధవారం దాకా ఎత్తకండి."

భూషణం గారు వంటశాల కాంక్రీటు వద్దని ఫోన్ చేశారు. శుక్రవారం హాస్టలు స్లాబు అనుకున్నట్టే పడింది.

భోజనాలకు వంటవాడు, చెప్పిన ప్రకారం, ఇనుము ముఠాకు పదహారు విస్తళ్ళు వేశాడు. ఎనిమిదింటి ముందు మనుషులు కూర్చున్నారు.

"పాణీ, వడ్డన నీది" అన్నారు భూషణం గారు. "ఆ మిగతా ఎనిమిది మందీ వచ్చి తిన్నాక నువ్వు తిందువుగాని."

పాణి ఖాళీ విస్తళ్ళ ముందు మాంసం గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. కడుపు కాలిపోతోంది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. చివరికి తౌడయ్యే నవ్వాపుకోలేక, "రా బాబూ, ఈ తొమ్మిదో ఇస్తరి ముందు కూకో. నువ్వొక్కడివైనా నిజంగా ఉన్నావు" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

నీతి: రాతలో మనుషుల్ని పెంచితే ఉన్న మనుషుల బరువు తగ్గదు, ఎవరెంత మోయగలరో వాళ్ళనే అడిగి పని పంచాలి.